సగం డాక్టరు అడగని ప్రశ్న

ఆ వీధిలో ఎవరికి ఒంట్లో నలతగా ఉన్నా ముందు సగం డాక్టరు దగ్గరికి వెళ్తారు. ఆవిడ వల్ల కాకపోతే అప్పుడు పూర్తి డాక్టరు. సగం డాక్టరంటే బస్టాండు ఎదురుగా ఉన్న మందుల షాపులో కౌంటరు వెనక నిలబడే మనిషి. పందొమ్మిదేళ్ళప్పుడు తుడిచి సర్దే పనికి చేరింది, ఇప్పుడు నలభై అయిదు. ఇన్నేళ్ళలో ఆవిడ ఏ కాలేజీ గుమ్మమూ ఎక్కలేదు. గోడ మీద ఫ్రేములో ఉన్న సర్టిఫికెట్టు షాపు ఓనరుది. అందరూ ఆయన్ని పెద్దాయన అంటారు. పెద్దాయన పొద్దున్నే వచ్చి పేపరు చదువుతాడు, మధ్యాహ్నం కుర్చీలోనే కునుకు తీస్తాడు, సాయంత్రం కళ్ళజోడు తుడుచుకుంటూ ఇంటికి వెళ్తాడు. షాపు నడిపేదంతా ఆవిడే.

కోడి కెలికినట్టుండే డాక్టర్ల రాత ఆవిడకి అచ్చు పుస్తకంలా కనపడుతుంది. ఏ మందు ఏ అరలో ఉన్నా కళ్ళు మూసుకుని తీస్తుంది. నాలుక్కి అదుపు లేదు గానీ మనసు మంచిది. దగ్గు మందు నెలకి మూడు సీసాలు కొనేవాణ్ణి వీధంతా వినేలా దులిపేస్తుంది, ముసలివాళ్ళకి మాత్రల కవర్ల మీద పెన్నుతో సూర్యుడూ చంద్రుడూ గీసి ఇస్తుంది. ఆవిడకి తెలిసిందంతా ఇరవై ఆరేళ్ళు చూసీ వినీ నేర్చుకున్నదే. అందులో చాలా భాగం సరైనదే కావడం వల్ల, తెలియనిది కూడా కొంత ఉందన్న సంగతి వీధీ మర్చిపోయింది, ఆవిడా మర్చిపోయింది.

ఆవిడకి ఊరంతా తెలిసిన అలవాటు ఒకటుంది. ఆడమనిషి ఎవరు మాత్రలకొచ్చినా, చేతికి ఇచ్చేముందు గొంతు ఏమాత్రం తగ్గించకుండా అడుగుతుంది. "నెల తప్పలేదు కదా?" కాలేజీ పిల్లలు సిగ్గుతో చచ్చిపోయేవాళ్ళు. ఒకసారి డెబ్బై ఏళ్ళ పెద్దావిడ మోకాళ్ళ నొప్పులకి వస్తే అలవాటుగా ఆవిణ్ణీ అడిగేసింది. పెద్దావిడ బోసినోరంతా తెరిచి నవ్వి, "నీ నోటి చలవ వల్ల అదొక్కటీ జరిగితే నీకే పెంచుకోడానికి ఇస్తాలేవే" అంది. ఎవరెంత నవ్వినా ఆవిడ ఆ ప్రశ్న మానలేదు. చేరిన కొత్తలో పెద్దాయన గట్టిగా చెప్పిన మాట అది. కడుపుతో ఉన్న మనిషికి పడని మందిస్తే తల్లికి ఏమీ తెలియదు, లోపల బిడ్డకి తయారవ్వాల్సిన అవయవం తయారవ్వకుండా ఆగిపోతుంది, మళ్ళీ వెనక్కి వెళ్ళి చేసుకునే వీలు ఉండదు అని.

పెద్దాయన నేర్పింది ఇంకొకటి ఉంది, కత్తెర పని. ఎవరైనా నాలుగు మాత్రలే కావాలంటే షీటులో పేరూ గడువు తేదీ ఉన్న కొస షాపులో మిగిలేలా, అవతలి కొస కత్తిరించి ఇవ్వాలి. మిగిలిన ముక్క అమ్ముడుపోవాలిగా మరి. కొన్నవాళ్ళ చేతిలోకి వెండి రేకులో నాలుగు ఉబ్బులు వెళ్తాయి. వాటి పేరేమిటో తెలుసుకోవాలంటే మళ్ళీ సగం డాక్టరునే అడగాలి. అది ఆవిడకి కాస్త గర్వంగానే ఉండేది.

ఇల్లు షాపుకి రెండు వీధుల అవతల. కింద గదుల్లో ఆవిడా, బస్సు నడిపే భర్తా, అత్తగారూ. పై గదుల్లో మరిదీ అతని భార్యా. పొయ్యి మాత్రం ఒక్కటే. చిన్నకోడలు ఫొటో స్టూడియోలో కంప్యూటరు ముందు కూర్చుని జనం మొహాల మీది మచ్చలు తుడిచే పని చేస్తుంది. తోడికోడళ్ళు అక్కాచెల్లెళ్ళలా ఉంటారని వీధిలో చెప్పుకుంటారు. నిజానికి సొంత అక్కాచెల్లెళ్ళు అంత సఖ్యంగా ఉండరు.

చిన్నకోడలికి పెళ్ళయి ఎనిమిదేళ్ళు. పిల్లల్లేరు. ఎక్కని ఆస్పత్రి మెట్లు లేవు. ఆఖరికి ఒకరోజు అత్తగారు నోరు జారి, "ఈ నెలైనా ఏమైనా విశేషమా?" అని అడిగినప్పుడు, ఆ పిల్ల స్నానాల గదిలో గడియ పెట్టుకుని రెండు గంటలు బయటికి రాలేదు. తలుపు కొట్టి, బతిమాలి, బయటికి తెచ్చింది సగం డాక్టరే. ఆ రోజు నుంచీ ఆ మాట ఇంట్లో ఎవరూ ఎత్తకూడదని అత్తగారితో సహా అందరికీ గట్టిగా చెప్పిందీ ఆవిడే.

ఆ తర్వాత ఏడాదికి చిన్నకోడలి మొహం నిండా మొటిమలు లేచాయి. చెంపల మీద, గడ్డం కింద, ఎర్రగా, ముట్టుకుంటే నొప్పి. "ఏంటక్కా ఇది? రోజంతా ఎవరెవరి మొహాలో బాగుచేస్తాను. నా మొహానికొచ్చేసరికి మౌస్ పనిచెయ్యట్లేదు," అని నవ్వబోయి ఏడ్చేసింది. సగం డాక్టరుకి ఆ ఏడుపు చూస్తే ప్రాణం ఉసూరుమంది.

"రేపు తెస్తాలే. చర్మం డాక్టర్లు రాసే క్యాప్సూళ్ళు. రోజుకొకటి, తిన్నాక వేసుకో. రెండు నెలల్లో నీ మొహం నువ్వే గుర్తుపట్టవు."

డాక్టరు చీటీ లేకుండా ఇవ్వకూడని మందు అది. కానీ ఇంటి మనిషికి చీటీ ఏమిటి? మర్నాడు మధ్యాహ్నం పెద్దాయన కునుకులో ఉండగా పెట్టె తీసి, పది క్యాప్సూళ్ళు కత్తిరించింది. అలవాటుగా పేరున్న కొస షాపులోనే ఉండిపోయింది. ఆ కొస మీద ఎర్రటి గుండ్రంలో కడుపుతో ఉన్న ఆడమనిషి బొమ్మ, దాని మీద అడ్డంగా గీత. అది ఆవిడ వందసార్లు చూసిన బొమ్మే. ఇంటికొచ్చి చిన్నకోడలి చేతిలో పెడుతుంటే ఆ ప్రశ్న నాలుక చివరిదాకా వచ్చింది. ఊరందరినీ అడిగే ప్రశ్న. స్నానాల గది తలుపు గుర్తొచ్చి మింగేసింది. ఎనిమిదేళ్ళుగా లేనిది ఈ రెండు నెలల్లో ముంచుకొస్తుందా అని కూడా లోపల ఓ మూల అనుకుంది. ఈ రెండో సంగతి చాలా రోజులు తనకి తానే ఒప్పుకోలేదు.

మొటిమలు నిజంగానే తగ్గాయి. పది అయిపోగానే ఇంకో పది, తర్వాత ఇంకో పది తెచ్చి ఇచ్చింది. స్టూడియోలో అందరూ ఏం క్రీము రాస్తున్నావని అడుగుతున్నారట. సగం డాక్టరు ముసిముసిగా నవ్వుకునేది.

ఒక సెలవురోజు పొద్దున, ఆవిడ పొయ్యి దగ్గర కాఫీ కలుపుతుంటే చిన్నకోడలు మెట్ల మీద నుంచి చెప్పుల్లేకుండా పరిగెత్తుకొచ్చి వెనక నుంచి వాటేసుకుంది. "అక్కా, వచ్చింది. రెండు గీతలు. మూడుసార్లు చూశాను. మూడుసార్లూ రెండు గీతలే. ఎన్నిసార్లు నీ చేతి నుంచి ఆ పరీక్ష డబ్బా తీసుకుని ఏడ్చానో, అందుకే ఈసారి నీకు చెప్పకుండా వేరే షాపులో కొన్నా. కోపమా?"

సగం డాక్టరుకి పై ప్రాణాలు పైనే పోయాయి. చేతిలో గిన్నె కింద పెట్టాలని తోచలేదు. కాఫీ పొంగి పొయ్యి మీద పడి మాడు వాసన వచ్చింది. ఈలోగా అత్తగారు వచ్చేసింది, విషయం విని కోడలి గడ్డం పట్టుకుని వెలుతురు వైపు తిప్పింది. "చూడవే పెద్దదానా, దీని మొహం ఎలా వెలిగిపోతోందో! రెండు వారాల నుంచీ అనుకుంటూనే ఉన్నా. కడుపుతో ఉన్నదాని కళ ఎక్కడ దాగుతుంది?"

ఆ కళ ఎక్కడి నుంచి వచ్చిందో ఒక్క సగం డాక్టరుకే తెలుసు. అందరూ నవ్వుతుంటే తనూ నవ్వింది. అత్తగారు అటు వెళ్ళగానే అడిగింది. "చెల్లీ, ఆ క్యాప్సూళ్ళు మానేశావా?"

"లేదే. నిన్న కూడా వేసుకున్నా. ఒక్కరోజు మానలేదు, నువ్వు చెప్పావుగా."

"ఇంక వద్దు. మిగిలినవి ఇటిచ్చెయ్."

"ఎందుకక్కా, ఏమైనా..."

"ఏం లేదు. ఇలాంటప్పుడు అనవసరంగా మందులెందుకని."

చిన్నకోడలు పైకెళ్ళి మిగిలిన ముక్క తెచ్చి ఇచ్చింది. అందులో నాలుగు ఉన్నాయి. అంటే ఇరవై ఆరు లోపలికి వెళ్ళాయి. ఆవిడ గోడకి ఆనుకుని వేళ్ళ మీద రోజులు లెక్కపెట్టింది. మొదట ఇచ్చిన రోజు నుంచి ఈ రోజు దాకా, బిడ్డ గుండె కట్టుకునే రోజులు, తల కట్టుకునే రోజులు, చెవులు మొలిచే రోజులు, అన్నీ అందులోనే ఉన్నాయి. మళ్ళీ లెక్కపెట్టింది. లెక్క మారలేదు.

ఆ రోజు షాపు మూసి ఉన్నా తాళం తీయించుకుని వెళ్ళింది. పెట్టెలో మడతలు మడతలుగా ఉన్న కాగితం విప్పి మొదటిసారి మొదటి నుంచి చివరిదాకా చదివింది. ఇన్నేళ్ళూ బొమ్మ చూసి అంతా తెలుసనుకుంది. చెవులు లేకుండానో, మరీ చిన్న చెవులతోనో పుట్టడం, గుండెలో లోపాలు, తలలో నీరు, కడుపు పోవడం, బుద్ధి ఎదగకపోవడం. స్టూలు మీద కూర్చుని మళ్ళీ చదివింది. ఒక్క క్యాప్సూలైనా ప్రమాదమే అని కూడా రాసి ఉంది.

ఆ వారంలోనే డాక్టరమ్మ దగ్గరికి మొదటిసారి వెళ్ళారు. చిన్నకోడలికి పక్కన అక్క ఉండాల్సిందే. డాక్టరమ్మ కాగితం మీద రాసుకుంటూ అడిగింది. "ఏమైనా మందులు వాడుతున్నారా?"

"లేదండి, ఏమీ లేవు," అంది చిన్నకోడలు నిశ్చింతగా. ఆ పిల్ల అబద్ధం చెప్పలేదు. మందంటే జబ్బుకి వేసుకునేది. అక్క మొహానికని ఇచ్చింది ఆ పిల్ల లెక్కలో క్రీములాంటిది. పక్క కుర్చీలో సగం డాక్టరు నోరు తెరిచింది. వీధి వీధంతా వినిపించే గొంతు పెగల్లేదు. డాక్టరమ్మ 'లేవు' అని రాసేసి తర్వాతి ప్రశ్నకి వెళ్ళిపోయింది.

ఆ తర్వాత రోజులు ఎలా గడిచాయో చెప్పాలంటే ఆవిడ చూపు ఎక్కడుండేదో చెప్తే చాలు. కౌంటరు దగ్గరికి చంకలో బిడ్డతో ఎవరొచ్చినా ఆ బిడ్డ చెవులు చూసేది. ఒకటి, రెండు. రెండూ ఉంటే ఊపిరి వదిలేది. టోపీ పెట్టిన బిడ్డ వస్తే ఏదో వంక పెట్టి టోపీ తీయించి చూసేది. ఒకావిడ భయపడి, "ఏంటమ్మా, మా వాడి చెవుల్లో ఏమైనా ఉందా?" అని అడిగింది. ఇంట్లో చిన్నకోడలికి కాస్త నడుం నొప్పి అంటే ఈవిడకి ముచ్చెమటలు పోసేవి. కడుపు పోతుందేమోనన్న భయం ఒక పక్క. పోతే విషయం అక్కడితో సమసిపోతుందన్న ఆలోచన ఒక పక్క. ఆ ఆలోచన వచ్చిన రోజు తన మీద తనకే అసహ్యం వేసి రోజంతా ఏమీ తినలేదు.

ఒక మధ్యాహ్నం ఇరవై ఏళ్ళ పిల్ల డాక్టరు చీటీ తెచ్చింది. అదే మందు. సగం డాక్టరు, "నెల తప్పలేదు కదా?" అని అడిగింది. పిల్ల తల అడ్డంగా ఊపింది. మళ్ళీ అడిగింది. మూడోసారి అడిగేసరికి పిల్ల మొహం ఎర్రబడింది. "ఎన్నిసార్లు చెప్పాలి ఆంటీ?" సగం డాక్టరు కత్తెర తీసింది. దాన్ని పక్కన పడేసి, పెట్టెకి పెట్టె, కాగితంతో సహా ఇచ్చేసి, ఆ బొమ్మ మీద వేలు పెట్టి చూపించింది. పిల్ల వెళ్ళాక కౌంటరు మీద తల వాల్చి ఏడ్చింది. పెద్దాయన కునుకు చెడి లేచాడు. అడగ్గా అడగ్గా అంతా చెప్పేసింది.

పెద్దాయన మొహం పాలిపోయింది. కాసేపు ఫ్రేములోని సర్టిఫికెట్టు వైపు చూశాడు. "చీటీ లేకుండా ఇచ్చావా? ఎంత పని చేశావమ్మా," అన్నాడు. తర్వాత గొంతు తగ్గించాడు. "ఎవరికైనా తెలుసా?"

"లేదండి."

"నువ్వు ఇచ్చిన ముక్కల మీద పేరు కూడా ఉండదు. అన్ని పురుళ్ళూ ఒకేలా ఉంటాయా? ఏదైనా అయితే అయ్యింది, కాకపోతే లేదు. నోరు విప్పకు. ఇల్లు రెండు ముక్కలవుతుంది."

తండ్రిలాంటి మనిషి, తన మేలు కోరే చెప్పాడు. ఆవిడకి అందుకే ఇంకా భయం వేసింది. ఎంత తేలిగ్గా దాచేయొచ్చో ఆ క్షణంలో అర్థమైంది. చెంగుతో మొహం తుడుచుకుని, "ఇప్పుడే వస్తానండి," అని షాపు దిగి నేరుగా డాక్టరమ్మ దగ్గరికి నడిచింది.

డాక్టరమ్మ అంతా విని పెన్ను కింద పెట్టింది. అరవలేదు. అరిస్తే బావుండేది.

"నలుగురిలో ఒకరికి, కొన్ని లెక్కల్లో ముగ్గురిలో ఒకరికి, బయటికి కనిపించే లోపం ఉంటుంది. కొందరికి లోపం కనపడదు, పెరిగాక చదువూ మాటా వెనకబడతాయి. ఏమీ కానివాళ్ళూ ఉన్నారు. ఈ బిడ్డ ఏ వైపు పడుతుందో ఇప్పుడు ఎవరూ చెప్పలేరు."

"దేనికైనా విరుగుడు ఉందాండి?"

"లేదు. చూడటానికి పెద్ద స్కాన్లున్నాయి, గుండెకి విడిగా ఒకటుంది. కానీ ముందు ఆ అమ్మాయికి తెలియాలి. బిడ్డని ఉంచుకోవాలా వద్దా అని ఆలోచించుకునే టైము ఆమెది. నువ్వు నోరు మూసుకున్న ప్రతిరోజూ ఆమె టైము నువ్వు తినేస్తున్నావ్. రేపు సాయంత్రంలోగా నువ్వు చెప్పు. చెప్పకపోతే నేనే పిలిపించి చెప్తాను."

మర్నాడు పదకొండింటికి స్టూడియోకి వెళ్ళింది. చిన్నకోడలు ఎవరిదో పాస్‌పోర్టు ఫొటో మీద పనిచేస్తోంది. అక్కని చూసి మొహం వికసించింది. ఫొటోలు తీసే వెనక గదిలోకి తీసుకెళ్ళి, నల్లటి తెర లాగి, జనం కూర్చునే బల్ల మీద కూర్చోబెట్టింది. సగం డాక్టరు కూర్చోలేదు. నిలబడే చెప్పింది. ఏ మందో, ఎన్ని వెళ్ళాయో, కాగితంలో ఏముందో, డాక్టరమ్మ దగ్గర తను ఎలా నోరు మూసుకుందో, ఏదీ వదలకుండా చెప్పింది.

చిన్నకోడలు రెండు చేతులూ పొట్ట మీద పెట్టుకుని వింటోంది. బయట ఎవరో కస్టమరు పిలుస్తున్నాడు.

"ఊళ్ళో ప్రతి ఆడదాన్నీ అడుగుతావే," అంది చివరికి. "ముసలివాళ్ళనీ వదలవు. నన్నెందుకు అడగలేదు?"

"నువ్వు ఏడుస్తావని."

"నువ్వవి తెచ్చేసరికే పది రోజులు ఆలస్యం. అడిగుంటే చెప్పేదాన్ని. ఆలస్యమవడం, ఆఖరికి ఏమీ లేకపోవడం ఎన్నిసార్లో అయ్యింది, ఎవరూ అడగట్లేదని నేనూ పట్టించుకోలేదు."

సగం డాక్టరు చెల్లి కాళ్ళ దగ్గర కూలబడింది. "నా పాపం నీ బిడ్డకి తగలకూడదు" అని ఏడవబోతే చిన్నకోడలు చెయ్యి ఎత్తి ఆపింది. "ఇప్పుడు నువ్వు ఏడవకు అక్కా. నువ్వు ఏడిస్తే నేను ఓదార్చాలి. నాకంత ఓపిక లేదు."

మూడు రోజులు ఆలోచించుకుంది. డాక్టరమ్మతో తనే ఒంటరిగా మాట్లాడి వచ్చింది. నాలుగో రోజు మేడ మెట్ల మీద అక్కని ఆపి చెప్పింది. "ఉంచుకుంటున్నా. ఎలా పుట్టినా నాదే. ఇంట్లో ఎవరికీ ఇప్పుడు చెప్పొద్దు. ఆయనకీ నేను చెప్పలేదు. అయిదో నెల స్కానులో అంతా బావుంటే ఇది మనిద్దరి మధ్యే ఉంటుంది. ఏదైనా తేడా ఉంటే మాత్రం అందరికీ నువ్వే చెప్పాలి. నీ నోటితో. నా మొగుడికీ, అత్తయ్యకీ."

"అలాగే," అంది సగం డాక్టరు.

ఆ రెండున్నర నెలలూ ఒకే బల్ల దగ్గర తిన్నారు. చిన్నకోడలు అక్క వడ్డించింది తినేది, అడిగినదానికి జవాబు చెప్పేది, అంతకు మించి ఒక్క మాట లేదు. మొహం మీద మొటిమలు మళ్ళీ లేచాయి. అత్తగారు పుట్టబోయే మనవడికో మనవరాలికో అల్లికలు మొదలుపెట్టి, "ఇద్దరూ మూగనోము పట్టారా ఏంటి?" అని వేళాకోళం చేసేది. ఆ ముసలావిడ ఆనందం చూడలేక సగం డాక్టరు గిన్నెలు తీసుకుని లేచిపోయేది.

స్కాను రోజు అందరూ వచ్చారు. నర్సు తలుపు తీసి ఒక్కరే లోపలికి రావచ్చంది. మరిది లేవబోయాడు. చిన్నకోడలు అతని భుజం మీద చెయ్యి వేసి కూర్చోబెట్టింది. "అక్క వస్తుంది."

గదిలో వెలుతురు తక్కువ. పొట్ట మీద జిగురు రాసి స్కాను డాక్టరు మౌనంగా చూడటం మొదలుపెట్టాడు. తెర మీద బూడిదరంగులో ఏదో కదిలింది, వెన్నెముక పూసలు కనిపించాయి. చిన్నకోడలు తెర వైపు చూడట్లేదు. తల పక్కకి తిప్పి అక్క మొహమే చూస్తోంది. ఇరవై ఆరేళ్ళు ఎవరి రోగం విన్నా చెక్కు చెదరని మొహం అది. ఇప్పుడు దాన్ని ఎలా పెట్టుకోవాలో సగం డాక్టరుకి తెలియడం లేదు.

"గుండె నాలుగు గదులూ బావున్నాయి," అన్నాడు డాక్టరు. చాలాసేపటికి, "తలలో నీరేమీ లేదు," అన్నాడు. ఇంకొంచెం, ఇంకొంచెమే అనుకుంది సగం డాక్టరు. డాక్టరు చేతిలో పరికరం ఒకచోట ఆగింది. పక్కకి జరిపాడు, మళ్ళీ అక్కడికే తెచ్చాడు. చిన్నకోడల్ని ఎడమ పక్కకి తిరగమన్నాడు, మళ్ళీ చూశాడు. "ఎడమ చెవి బావుంది. కుడి చెవి సరిగ్గా ఏర్పడలేదు. చిన్న ముడిలా ఉంది, అంతే. ఆ వైపు వినికిడి ఉండకపోవచ్చు. బుద్ధి సంగతి స్కాను చెప్పలేదు, పుట్టి పెరుగుతుంటే చూసుకోవాలి."

చిన్నకోడలు కళ్ళు మూసుకుంది. కన్నీళ్ళు చెవుల్లోకి జారాయి, తుడుచుకోలేదు. "నేను పిలిస్తే వినపడుతుందాండి?"

"ఎడమ వైపు నుంచి పిలిస్తే వినపడుతుందమ్మా."

నర్సు జిగురు తుడిచింది. చిన్నకోడలు లేవడానికి చెయ్యి చాచింది. సగం డాక్టరు పట్టుకుంది. ఆ చెయ్యి చల్లగా ఉంది, వదల్లేదు, దగ్గరికీ లాగలేదు. లేచి నిలబడ్డాక తనే వదిలించుకుని తలుపు వైపు చూపించింది.

సగం డాక్టరు తలుపు తీసింది. వరండాలో బెంచీ మీద నుంచి అత్తగారు ఒళ్ళో అల్లికతో సహా లేచింది. భర్త లేచాడు. మరిది రెండడుగుల్లో ఎదురొచ్చాడు. "వదినా, ఏమన్నారు? అంతా బాగానే ఉందా?"

"కూర్చో," అంది ఆవిడ. "అత్తయ్యా, మీరూ కూర్చోండి. బిడ్డ గురించి చెప్తాను. దానికంటే ముందు నేనేం చేశానో చెప్పాలి."